మూతపడ్డ బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ స్థలంలో మట్టి, భూగర్భ జలాల కాలుష్య పరీక్షలకు ప్లాన్ వేసుకోవడం ఎలా?

“సాయిల్ టెస్ట్ ఎప్పుడో అయిపోయింది, రిపోర్టు కూడా బాగానే వచ్చింది. ఇంకేం చేయించాలి?” పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల, కాటేదాన్ వైపు పాత ఫ్యాక్టరీ స్థలాలు కొనేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. వాళ్ల చేతిలో ఉండేది చాలావరకు ఎస్‌బీసీ రిపోర్టు, అంటే నేల ఎంత బరువు మోయగలదన్న లెక్క. ఆ నేలలో ఏ రసాయనం ఎంత లోతుకు దిగిందో అందులో ఒక్క అక్షరం ఉండదు. ఇంకొందరు బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి ల్యాబ్‌కి ఇచ్చి, “తాగడానికి పనికొస్తుంది” అన్న కాగితం తెచ్చుకుంటారు. అదీ చాలదు. ఎందుకు చాలదో కింద వివరంగా ఉంది.

ఇక్కడ ఉదాహరణగా మూడెకరాల (14,520 గజాల) పాత బల్క్ డ్రగ్ (మందుల మూల రసాయనాలు తయారుచేసే) యూనిట్‌ను తీసుకుందాం. హైదరాబాద్ చుట్టూ ఉండే నేలే అనుకోండి: పైన మట్టి, దాని కింద మొరం, ఆ కింద పగుళ్లున్న గ్రానైట్. విశాఖ దగ్గర పరవాడ వైపైనా పని క్రమం ఇదే. లోతులు, రాయి రకం మారతాయి.

ముందుగా సమకూర్చుకోవాల్సినవి

కాగితాలు:
- కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సీఎఫ్‌ఈ (ఫ్యాక్టరీ పెట్టేందుకు అనుమతి), సీఎఫ్‌ఓ (నడిపేందుకు అనుమతి) ఆర్డర్లు. చివరి ఏడాదివే కాదు, దొరికినన్ని ఏళ్లవి.
- ప్రమాదకర వ్యర్థాల వార్షిక రిటర్నులు (ఫారం 4), ఎన్విరాన్‌మెంటల్ స్టేట్‌మెంట్లు (ఫారం 5), వ్యర్థాలను దుండిగల్ టీఎస్‌డీఎఫ్‌కి (ప్రమాదకర వ్యర్థాలను శుద్ధిచేసి పూడ్చే కేంద్రానికి) పంపిన మ్యానిఫెస్టులు (రవాణా పత్రాలు).
- ఫ్యాక్టరీ లేఅవుట్, డ్రైనేజీ డ్రాయింగ్, భూగర్భ ట్యాంకులు, కేబుళ్ల వివరాలు.
- గూగుల్ ఎర్త్‌లో ఆ స్థలం పాత చిత్రాలు, ఏడాది వారీగా.

మనుషులు: కాలుష్య స్థలాలపై పనిచేసిన హైడ్రోజియాలజిస్టు, డ్రిల్లింగ్ బృందం, సర్వేయర్, ల్యాబ్. వీళ్లతో పాటు అక్కడ ఈటీపీలోనో (వ్యర్థ జలాల శుద్ధి ప్లాంటు) మెయింటెనెన్స్‌లోనో పనిచేసిన పాత మనిషి ఒకరు తప్పనిసరి.

సామాను: పీఐడీ మీటర్ (గాలిలో రసాయన ఆవిర్లను పసిగట్టేది), ఈసీ–పీహెచ్ మీటర్ (నీటి విద్యుత్ వాహకత, ఆమ్లత్వం కొలిచేది), నీటిమట్టం కొలిచే టేపు, లో–ఫ్లో పంపు, ఐస్‌బాక్సులు, నైట్రైల్ గ్లవ్స్, ల్యాబ్ ఇచ్చిన సీసాలు. మినరల్ వాటర్ సీసాలు, జిప్‌లాక్ కవర్లు వద్దు.

1. ఎక్కడ ఏం జరిగిందో మ్యాపు మీద గీయండి

మొదటి పని ల్యాబ్‌కి ఫోన్ చేయడం కాదు. పెద్ద కాగితం మీద లేఅవుట్ ప్రింట్ తీసి ప్రొడక్షన్ బ్లాకులు, సాల్వెంట్ ట్యాంక్ ఫార్మ్, డ్రమ్ యార్డ్, ఎఫ్లుయెంట్ (వ్యర్థ జలాల) లైన్, ఈటీపీ, సోలార్ పాండ్లు (వ్యర్థ జలాలను ఎండకు ఆవిరి చేసే గుంటలు), స్క్రాప్ యార్డ్, బాయిలర్, బొగ్గు, బూడిద కుప్పలు, డీజీ సెట్ (డీజిల్ జనరేటర్), ట్రాన్స్‌ఫార్మర్ గుర్తించండి. అన్ని బోర్లనూ గుర్తించండి, ఎండిపోయినవాటినీ వదలొద్దు.

తర్వాత పాత మనిషిని వెంటబెట్టుకుని స్థలమంతా నడవండి. “ఇక్కడ లీకయ్యేదా?” అని అడిగితే లేదనే చెబుతారు. “పవర్ పోయినప్పుడు ఎఫ్లుయెంట్ ఎటు పోయేది? వానాకాలం పాండ్ నిండితే ఏం చేసేవాళ్లు? ఖాళీ డ్రమ్ములు ఎక్కడ కడిగేవాళ్లు?” అని అడగండి. డ్రాయింగులో లేని జాగాలు ఇలా బయటపడతాయి.

పాత ఉపగ్రహ చిత్రాల్లో ఒక ఏడాది కనిపించిన గుంట మరుసటి ఏడాది మాయమైతే, దాన్ని ఏదో ఒకదానితో పూడ్చారన్నమాట. అక్కడ ఒక పాయింట్ ఖాయం చేయండి.

2. ప్రతి జాగాకూ ఏం వెతకాలో రాసుకోండి

“అన్ని పారామీటర్లూ చేయండి” అనే ప్యాకేజీ కొనకండి. డబ్బు పోతుంది, కావాల్సిన రసాయనం అందులో ఉండకనూ పోవచ్చు. సీఎఫ్‌ఓలోని ఉత్పత్తులు, ముడిసరుకుల జాబితాను బట్టి ఎంచుకోండి.

- ట్యాంక్ ఫార్మ్, డ్రమ్ యార్డ్: ఎండీసీ (మిథిలీన్ డైక్లోరైడ్), క్లోరోఫాం, ఈడీసీ (ఇథిలీన్ డైక్లోరైడ్), టోలీన్ వంటి వీఓసీలు (తేలిగ్గా ఆవిరయ్యే రసాయనాలు).
- ఈటీపీ, సోలార్ పాండ్లు: వీఓసీలు, ఎస్‌వీఓసీలు (నెమ్మదిగా ఆవిరయ్యేవి), లోహాలు, సోడియం, క్లోరైడ్, సల్ఫేట్, అమ్మోనియా.
- ప్రొడక్షన్ బ్లాక్: వాడిన కెటలిస్టును బట్టి నికెల్ వంటివి. డైక్రోమేట్ వాడి ఉంటే మొత్తం క్రోమియంతో పాటు హెక్సావాలెంట్ క్రోమియం.
- బాయిలర్, డీజీ సెట్: పెట్రోలియం హైడ్రోకార్బన్లు, పీఏహెచ్‌లు (ఇంధనం మండినప్పుడు పుట్టే విష హైడ్రోకార్బన్లు). బూడిద కుప్పల్లో ఆర్సెనిక్.
- పాత ట్రాన్స్‌ఫార్మర్: పీసీబీలు (పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లోని విష రసాయనాలు).

ఎండీసీ సాంద్రత 1.33, క్లోరోఫాం 1.49. చిక్కగా కారితే రెండూ నీటిని దాటుకుని కిందికి దిగి, మొరం అడుగున, రాతి పగుళ్లలో చేరతాయి. టోలీన్ (0.87) నీటిమట్టం మీద తేలుతుంది. కాబట్టి ఒకే లోతులో తీసిన శాంపిల్‌తో రెండూ దొరకవు.

3. పాయింట్లు ఎక్కడ, ఎన్ని

రెండు రకాలు కలపండి. అనుమానం ఉన్న ప్రతి జాగాకూ గురి పాయింట్లు: ట్యాంక్ ఫార్మ్ డైక్ (అడ్డుగోడ) చుట్టూ, సంప్ పక్కన, ఎఫ్లుయెంట్ లైన్ జాయింట్ల దగ్గర, ప్రతి పాండ్ అడుగున. మిగతా స్థలానికి చతురస్రపు గ్రిడ్. మూడెకరాలంటే సుమారు 12,140 చదరపు మీటర్లు. 20 మీటర్ల గ్రిడ్ వేస్తే దాదాపు 30 పాయింట్లు. గ్రిడ్ దూరాన్ని 1.18తో గుణిస్తే, 95 శాతం నమ్మకంతో పట్టుకోగలిగే గుండ్రటి కలుషిత మచ్చ వ్యాసం వస్తుంది. 20 మీటర్లకు అది 23.6 మీటర్లు. అంతకంటే చిన్న మచ్చ గ్రిడ్ సందుల్లోంచి తప్పించుకోవచ్చు. అందుకే గురి పాయింట్లను తగ్గించి గ్రిడ్ మీదే ఆధారపడటం ప్రమాదం.

బడ్జెట్ తక్కువైతే గ్రిడ్‌ను 30 మీటర్లకు పెంచండి. గురి పాయింట్లలో మాత్రం కోత పెట్టకండి.

ఫ్యాక్టరీ ప్రభావం లేని, అదే రకం నేల ఉన్న ఎగువ ప్రాంతంలో కనీసం మూడు పోలిక పాయింట్లు తీసుకోండి. తెలంగాణ గ్రానైట్‌లో ఫ్లోరైడ్ చాలాచోట్ల సహజంగానే ఎక్కువ. పోలిక లేకపోతే ప్రకృతి పెట్టినదాన్ని ఫ్యాక్టరీ ఖాతాలో వేస్తారు, లేదా ఫ్యాక్టరీ చేసినదాన్ని ప్రకృతి ఖాతాలో వేస్తారు. పారిశ్రామికవాడ మధ్యలో ఉన్న స్థలానికి పక్క ప్లాటు పోలికగా పనికిరాదు.

4. ల్యాబ్‌తో ముందే తేల్చుకోవాల్సినవి

ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు జాతీయ గుర్తింపు) సర్టిఫికెట్ ఉందా అని అడిగితే సరిపోదు. స్కోప్ (గుర్తింపు ఉన్న పరీక్షల జాబితా) తెప్పించుకుని, మీకు కావాల్సిన రసాయనం, మట్టిలోనా నీటిలోనా, ఏ పద్ధతిలో అన్నది అందులో ఉందో లేదో వరుస వరుసగా చూడండి. నీటికి ఉన్న గుర్తింపు మట్టికి లేకపోవచ్చు.

తర్వాత క్వాంటిటేషన్ లిమిట్ (ల్యాబ్ నమ్మకంగా కొలవగలిగే అతి తక్కువ స్థాయి) అడగండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం సీసానికి హద్దు లీటరుకు 0.01 మి.గ్రా., కాడ్మియంకు 0.003. ల్యాబ్ చూడగలిగే అతి తక్కువ స్థాయే 0.05 అయితే, రిపోర్టులో “బీడీఎల్” (కొలవగల స్థాయి కంటే తక్కువ) అని వచ్చినా హద్దుకు ఐదు రెట్లు, పదహారు రెట్లు ఉండే అవకాశం మిగిలే ఉంటుంది. ఈ రిపోర్టుల్లో జనాన్ని ఎక్కువగా మోసం చేసే మాట బీడీఎల్. ల్యాబ్ లిమిట్ మీ హద్దులో సగానికి మించకుండా చూసుకోండి.

వీఓసీలకు యూఎస్ ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) 8260, ఎస్‌వీఓసీలకు 8270 పద్ధతి అడగండి. వీటి ప్రామాణిక జాబితాల్లో మందుల ఇంటర్మీడియట్లు ఉండవు. కాబట్టి జాబితాలో లేని పీకులను (పరీక్ష గ్రాఫులో రసాయనాలను చూపే శిఖరాలు) యంత్రంలోని లైబ్రరీతో పోల్చి పేర్లు ఇమ్మని ముందే రాతలో కోరండి. తర్వాత అడిగితే మళ్లీ శాంపిల్ తీయాల్సి వస్తుంది.

నీటి శాంపిళ్ల గడువులు ప్లాన్‌లోనే రాసుకోండి: హెక్సావాలెంట్ క్రోమియం 24 గంటలు, యాసిడ్ కలిపిన వీఓసీలు 14 రోజులు, ఎస్‌వీఓసీలు ఎక్స్‌ట్రాక్షన్‌కు 7 రోజులు, పాదరసం 28 రోజులు, మిగతా లోహాలు 6 నెలలు. శనివారం సాయంత్రం తీసిన హెక్సావాలెంట్ క్రోమియం శాంపిల్ సోమవారం ల్యాబ్ తెరిచేసరికి చెల్లదు.

5. తవ్వే పద్ధతి, భద్రత

మీటరు, మీటరున్నర లోతుకు చేతి ఆగర్, లేదా జేసీబీతో పరీక్ష గుంత. అంతకు మించితే ఎస్‌పీటీ స్పూన్ (నేలలోకి కొట్టి మట్టి తీసే గొట్టం) ఉన్న జియోటెక్నికల్ రిగ్. రోటరీ అయితే బెంటొనైట్ (ఉబ్బే బంకమట్టి) నీళ్లు, నూనెలు లేకుండా పొడిగా తొలవమనండి.

మామూలు బోరు బండిని మట్టి శాంపిళ్లకు వాడకండి. కంప్రెసర్ గాలికి వీఓసీలు ఎగిరిపోతాయి, కంప్రెసర్ ఆయిల్ లోపలికి పోతుంది, పైకొచ్చిన పొడి ఏ లోతుదో తెలియదు. మరీ పెద్ద ప్రమాదం, ఆ బోరు పై కాలుష్యాన్ని కింది పగుళ్లలోకి దించే దారి అవుతుంది.

పీఐడీ విషయంలో చాలామంది తప్పటడుగు వేసేది ల్యాంప్ దగ్గర. మామూలుగా అద్దెకు దొరికే మీటర్లో 10.6 ఈవీ ల్యాంప్ ఉంటుంది. అది టోలీన్‌ను పసిగడుతుంది. ఎండీసీ, క్లోరోఫాం, ఈడీసీ, మిథనాల్ అయొనైజేషన్ శక్తులు అంతకంటే ఎక్కువ, కాబట్టి వాటికి సున్నా చూపిస్తుంది. బల్క్ డ్రగ్ స్థలంలో 11.7 ఈవీ ల్యాంప్ అడగండి. దొరక్కపోతే మీటర్ సున్నాను నమ్మి శాంపిల్ మానేయకండి.

ఈటీపీ ట్యాంకులు, సంపులు, మ్యాన్‌హోళ్లలోకి ఎవరినీ దించవద్దు, నిమిషం పనే అయినా సరే. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ చేరి ఉంటే మొదట దిగినవాడితో పాటు కాపాడబోయినవాడూ పోతాడు. శాంపిల్ పైనుంచే తీయండి. 1.2 మీటర్లు దాటిన గుంతలోకీ దిగకండి, జేసీబీ బకెట్‌లోంచి తీసుకోండి. డ్రమ్ తగిలితే పని ఆపేయాలి.

6. మట్టి శాంపిళ్లు

ఇళ్లు కట్టబోయే స్థలమైతే పై 15 సెం.మీ. తప్పనిసరి, పిల్లల చేతికి తగిలేది అదే. తర్వాత అర మీటరు, మీటరు, అక్కణ్నుంచి రాయి తగిలేదాకా మీటరుకొకటి. పొర మారినచోట, రంగు, వాసన తేడాగా ఉన్నచోట, పోసిన మట్టి అడుగున అదనంగా తీయండి. సంప్ పక్కన తవ్వేటప్పుడు లోతును సంప్ అడుగు నుంచి లెక్కపెట్టండి. రెండున్నర మీటర్ల సంప్ పక్కన రెండు మీటర్లకే ఆపితే లీకైనదానికి పైనే ఉండిపోతారు.

వాసన చూడమంటే ముక్కు దగ్గర పెట్టుకోమని కాదు. దూరం నుంచే తెలిస్తే రాసుకోండి, అంతే.

వీఓసీల మట్టిని అన్నిటికంటే ముందు తీయాలి. ఎండీసీ సుమారు 40 డిగ్రీలకే మరుగుతుంది. మే నెల మధ్యాహ్నం ఆ మట్టిని కవర్లో వేసి కలిపితే ల్యాబ్‌కి చేరేసరికి మిగిలేది మట్టే. స్పూన్ తెరవగానే పై పొర గీకేసి, కొన కోసిన సిరంజీతో సుమారు 5 గ్రాములు లాగి, ల్యాబ్ ముందే తూచి ఇచ్చిన మిథనాల్ వయల్‌లో వేసి వెంటనే మూత బిగించండి. గాజు అంచున మట్టి రేణువు ఉంటే మూత కూర్చోదు, తుడవండి. తేమ లెక్కకు అదే లోతు మట్టి వేరే సీసాలో ఇవ్వండి.

వీఓసీలకు కాంపోజిట్ శాంపిల్ (పలు చోట్ల మట్టి కలిపినది) చేయకూడదు. లోహాలకైనా గురి పాయింట్ల మట్టిని కలపకండి. ఒక చెడ్డ పాయింట్‌ను నాలుగు మంచివాటితో కలిపితే సగటులో అది మాయమవుతుంది.

తీసిన ప్రతిదాన్నీ మొదటి విడతలోనే పరీక్షించనక్కర్లేదు. కింది లోతులవి ‘హోల్డ్’లో పెట్టమనండి. పైది తేడాగా వస్తే, గడువు లోపల వాటిని చేయించుకోవచ్చు.

7. మానిటరింగ్ బావులు

ఉన్న బోరు నీళ్లు ఎందుకు చాలవో ఇప్పుడు చూడండి. ఆరున్నర అంగుళాల బోరుకు కేసింగ్ గట్టి రాయి దాకానే ఉంటుంది. కింద వందల అడుగులు తెరిచే ఉంటుంది. పై మొరంలో కాలుష్యం తీవ్రంగా ఉన్నా కేసింగ్ దాన్ని అడ్డేస్తుంది, లేదా కింది పగుళ్ల నీళ్లు దాన్ని పలచన చేస్తాయి. మీటరుకు దాదాపు 21 లీటర్లు పట్టే ఆ బోరులో 200 మీటర్ల నీరుంటే నిలవ నీరు పోయేలా మూడు నిండులు (బోరులోని నీటికి మూడింతలు) తోడటానికే 12,600 లీటర్లు పోవాలి. పాత బోర్ల ఫలితం అదనపు సమాచారంగా ఉంచుకోండి, దాన్నే తీర్పుగా తీసుకోకండి.

కనీసం మూడు కొత్త బావులు, వరుసలో కాకుండా త్రిభుజంగా వేయండి: ఒకటి ఎగువన, రెండు అనుమానపు జాగాలకు దిగువన. మూడెకరాలకు ఐదారు మెరుగు. మొరంలో నీరుంటే అక్కడ ఒకటి, దాని పక్కనే పగుళ్ల రాతిలో ఇంకొకటి వేయండి. రాతి బావికి మొరం భాగమంతా కేసింగ్ వేసి, చుట్టూ సందులో పోసిన గ్రౌట్ (సిమెంట్ ముద్ద) గట్టిపడ్డాకే కిందికి తొలవాలి.

50 మి.మీ. మరల పీవీసీ పైపు, కింది భాగానికి 0.5 మి.మీ. చీలికలు, చుట్టూ కడిగిన ఇసుక, దాని మీద కనీసం 60 సెం.మీ. బెంటొనైట్, ఆపైన సిమెంట్ గ్రౌట్. పైపులను సొల్యూషన్ రాసి అతికించనివ్వకండి. ఆ గమ్ములోని టీహెచ్‌ఎఫ్, ఎంఈకే అనే సాల్వెంట్లు నీటి రిపోర్టులో తేలి, ఫ్యాక్టరీ మీదికి పోతాయి. ప్లంబర్ అలవాటుగా చేసే పని కాబట్టి దగ్గరుండి చూడాలి.

బావి వేశాక నీళ్లు తేటపడేదాకా తోడి, కొన్ని రోజులు ఆగండి. సర్వేయర్‌తో ప్రతి పైపు అంచుకు లెవెల్ తీయించి, అన్ని బావుల్లో ఒకే రోజు నీటిమట్టం కొలవండి. మట్టాలు 96.40, 95.80, 95.10 మీటర్లు, ఎక్కువ మట్టం, తక్కువ మట్టం ఉన్న బావుల మధ్య దూరం 52 మీటర్లు అనుకుందాం. ఎక్కువ, మధ్య మట్టాల తేడా 0.60ని ఎక్కువ, తక్కువ మట్టాల తేడా 1.30తో భాగించి 52తో గుణిస్తే 24. ఎక్కువ మట్టం బావి నుంచి తక్కువ బావి వైపు 24 మీటర్ల దగ్గర గుర్తు పెట్టి, దాన్ని మధ్య బావితో కలపండి. ఆ గీతకు లంబంగా, తక్కువ మట్టం వైపుకు నీరు పోతోంది.

గ్రానైట్‌లో నీరు పగుళ్ల దారి పడుతుంది, కాబట్టి ఇది అంచనాయే. పక్కన ట్యాంకర్లు నింపే బోరు నడుస్తుంటే దిశే తిరిగిపోతుంది. కుదిరితే ముందురోజు దాన్ని ఆపించండి.

8. నీటి శాంపిల్

లో–ఫ్లో పంపుతో నిమిషానికి 100–500 మి.లీ. చొప్పున తోడండి. బావిలో మట్టం 10 సెం.మీ.కి మించి పడకూడదు. ఐదు నిమిషాలకోసారి రాసుకుంటూ, వరుసగా మూడు రీడింగుల్లో పీహెచ్ 0.1 లోపు, ఈసీ 3 శాతం లోపు నిలకడగా ఉంటేనే సీసాలు పట్టండి. పంపు దొరక్కపోతే బెయిలర్‌తో (తాడు కట్టి దించే సన్నటి గొట్టం చేద) మూడు నిండులు తోడండి. 50 మి.మీ. బావికి మీటరుకు 2 లీటర్లు. ఆరు మీటర్ల నీటికి 36 లీటర్లు. బెయిలర్‌ను జారవిడిచి నీటిని కలచకండి. తోడిన నీరు డ్రమ్ములోకి పోవాలి, నేల మీదికి కాదు.

వరుస: ముందు వీఓసీలు, తర్వాత ఎస్‌వీఓసీలు, చివర లోహాలు, లవణాలు. వీఓసీలకు యాసిడ్ ఉన్న 40 మి.లీ. వయల్‌ను వంచి, గోడ వెంట నెమ్మదిగా, పైకి ఉబ్బేదాకా నింపి మూత బిగించండి. తలకిందులు చేసి వేలితో తట్టండి. 6 మి.మీ. మించిన బుడగ కనిపిస్తే అది పారేసి కొత్త వయల్ తీసుకోండి.

కరిగిన లోహాల నీటిని అక్కడే 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి, ఆ తర్వాతే నైట్రిక్ యాసిడ్ కలపాలి. బురద నీటిలో యాసిడ్ పోస్తే మట్టిలోని లోహాలు కరిగి అంకెలు ఎగిరిపోతాయి. లేని కాలుష్యం ఉన్నట్టు వచ్చే తప్పుల్లో తరచూ కనిపించేది ఇదే.

9. తనిఖీ శాంపిళ్లు

ప్రతి పదింటికీ ఒక డూప్లికేట్, వేరే పేరుతో. వీఓసీలున్న ప్రతి ఐస్‌బాక్సులో ల్యాబ్ నుంచి వచ్చి తెరవకుండానే తిరిగి వెళ్లే ఒక ట్రిప్ బ్లాంక్. కడిగిన పరికరం మీద శుద్ధజలం పోసి పట్టిన బ్లాంక్ రోజుకొకటి. బాక్సులో జెల్ ప్యాకులు కాదు, ఐస్ వేయండి. ల్యాబ్ తీసుకున్నప్పటి ఉష్ణోగ్రతను కస్టడీ ఫారం (శాంపిల్ ఎవరి చేతి నుంచి ఎవరికి వెళ్లిందో రాసే కాగితం) మీద రాయించండి.

10. రిపోర్టు వచ్చాక

హద్దులు చూసే ముందు రిపోర్టు నిలబడుతుందో లేదో చూడండి.

- డూప్లికేట్ల తేడాను వాటి సగటుతో భాగించి శాతం తీయండి. నీటికి 30, మట్టికి 50 శాతం దాటితే కారణం అడగండి.
- హెక్సావాలెంట్ క్రోమియం మొత్తం క్రోమియం కంటే ఎక్కువ ఉంటే ఒకటి తప్పు.
- టీడీఎస్‌ను (నీటిలో కరిగిన మొత్తం లవణాలు) ఈసీతో భాగిస్తే మామూలుగా 0.55–0.75 మధ్య రావాలి. క్యాటయాన్లు, యానయాన్ల (ధన, రుణ అయాన్ల) మధ్య తేడా 10 శాతం దాటకూడదు.
- మట్టి ఫలితాలు పొడి బరువు మీద ఇచ్చారా?
- ఎండీసీ, ఎసిటోన్ ల్యాబుల్లోనూ వాడతారు. బ్లాంక్‌లో కనిపిస్తే, శాంపిల్‌లో దానికి పది రెట్లు లేనిదాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఎండీసీ వాడిన ఫ్యాక్టరీలో ఈ సాకుతో ప్రతి ఎండీసీనీ కొట్టేయనివ్వకండి కూడా.

హద్దులకు 2025 జులైలో కేంద్రం నోటిఫై చేసిన కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు చూడండి. మట్టి హద్దు స్థలం వాడకాన్ని బట్టి మారుతుంది. ఇళ్లు కట్టబోతూ పరిశ్రమల హద్దుతో పోల్చిన రిపోర్టును అంగీకరించకండి.

బావుల్లో హద్దు దాటి, దిగువన జనం బోరు నీళ్లు తాగుతుంటే రెండో విడత దాకా ఆగొద్దు. ఆ వారంలోనే వాళ్లకూ, కాలుష్య నియంత్రణ మండలికీ చెప్పి, ఆ బోర్ల నీళ్లు పట్టించి, ఫలితం వచ్చేదాకా తాగడం ఆపించండి. మరగబెడితే సరిపోతుందని ఎవరైనా అంటే ఖండించండి. లోహాలు, లవణాలు మరిగిస్తే పోవు, నీరు తగ్గి ఇంకా చిక్కబడతాయి.

11. రెండో విడత

హద్దు దాటిన పాయింట్ చుట్టూ నాలుగు వైపులా 5–10 మీటర్ల దూరంలో, ఇంకాస్త లోతుకు తవ్వండి. శుభ్రమైన మట్టి తగిలేదాకా బయటికి జరగాలి. తవ్వి తీసేయాల్సిన మట్టి పరిమాణం ఇక్కడే తేలుతుంది. ధర మాట్లాడుకునేది దీని తర్వాతే. భూగర్భ జలాలను మే నెలలో ఒకసారి, వానల తర్వాత నవంబరులో ఒకసారి పరీక్షించండి. మట్టం పైకొచ్చినప్పుడు మొరంలో ఎండిపోయి ఉన్నది నీటిలో కలుస్తుంది.

పని ముగిసిన గుంతలను తవ్వి తీసిన మట్టితోనే పూడ్చకండి. బోర్‌హోళ్లను అడుగు నుంచి పైకి, పైపు ద్వారా బెంటొనైట్–సిమెంట్ గ్రౌట్‌తో నింపాలి. ఎండిపోయి తెరిచి ఉన్న పాత బోర్లనూ అలాగే మూయించండి. మిగిలిన మట్టి, తోడిన నీరు లేబుల్ వేసిన డ్రముల్లో కప్పు కింద ఉంచి, ఫలితాలు చూశాక టీఎస్‌డీఎఫ్‌కి పంపాలో లేదో తేల్చండి.